కొత్త కారుకు స్టీరింగ్ వదులైతే ‘అరుగుదల’ అనవచ్చా?

ప్రశ్న: పద్నాలుగు నెలల క్రితం విశాఖపట్నంలో రూ.9.20 లక్షలకు కొత్త కారు కొన్నాను. తొమ్మిదో నెల నుంచి స్టీరింగ్ వదులుగా ఉంది. కొంత తిప్పినా చక్రాలు కదలవు, గతుకుల్లో కింద టకటకమని శబ్దం వస్తోంది. కంపెనీ సర్వీస్ కేంద్రానికి మూడుసార్లు తీసుకెళ్లాను. ప్రతిసారీ అలైన్‌మెంట్ చేసి, బాగానే ఉందని పంపించారు. ఇప్పుడేమో స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ఆ కదలికను ముందు చక్రాలకు అందించే పళ్ల కడ్డీ భాగం) మార్చాలని, అది అరుగుదల కనుక వారంటీ వర్తించదని, రూ.38 వేలు కట్టమని అంటున్నారు. నేను ఏమి చేయాలి?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: డబ్బు సంగతి తర్వాత. ముందు ఆ కారు నడపడం ఈ రోజే ఆపండి. గాజువాక లారీల మధ్యనో, సింహాచలం కొండ దారి మలుపులోనో చక్రం మీ మాట వినకపోతే ఏ చట్టమూ మిమ్మల్ని కాపాడలేదు. స్టీరింగ్‌లో వృథా కదలిక 30 డిగ్రీలు దాటకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 98వ నియమం చెబుతోంది. ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసి నడపడం మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద నేరం. దానివల్ల ఎవరికైనా గాయమైతే 3 నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. లోపం మీకు తెలుసని మీరు చేసిన మూడు ఫిర్యాదులే రుజువు చేస్తాయి.

ఇక ‘అరుగుదల’ అనే మాట. బ్రేకు ప్యాడ్లు, వైపరు రబ్బర్లు వాడేకొద్దీ అరిగేవే. స్టీరింగ్ ర్యాక్ అలాంటిది కాదు. మామూలు వాడకంలో ఏడాదికే అది వదులైతే కారణం చూపవలసింది వారు. మన ఉప్పుగాలిని సాకుగా చెప్పినా ఒప్పుకోవద్దు. విశాఖలో అమ్మిన కారు విశాఖ గాలికి తట్టుకోవాలి.

అయితే వదులు ఎక్కడుందో తేలకుండా కేసు నిలబడదు. ర్యాక్‌ను చక్రానికి కలిపే కడ్డీ (టై రాడ్) చివర ఉండే గుండ్రటి కీలు (బాల్ జాయింట్) రబ్బరు తొడుగు చిరిగి దుమ్ము చేరినా ఇదే శబ్దం వస్తుంది. అప్పుడు రాయి తగిలి చిరిగిందని వారు వాదిస్తారు. ర్యాక్ లోపల కడ్డీని పట్టి ఉంచే బుష్ అనే తొడుగు అరిగితే ఆ వాదనకు చోటు తక్కువ. విద్యుత్ మోటారుతో పనిచేసే పవర్ స్టీరింగ్ అయితే కొన్ని కార్లలో స్టీరింగ్ కింది స్తంభం లోపల ఉండే చిన్న కప్లింగ్ (రెండు భాగాలను కలిపే ముక్క) అరిగినా ఇలాగే టకటకలాడుతుంది. అందుకే ర్యాక్ విప్పక ముందే నమ్మకమైన మెకానిక్‌తో పరీక్ష చేయించి, రాతపూర్వకంగా నివేదిక తీసుకోండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, చక్రాలు నేరుగా పెట్టి, ముందు టైరు కదిలే లోపు స్టీరింగ్ ఎంత దూరం ఊరికే తిరుగుతోందో వీడియో తీయించండి. తర్వాత కారు పైకెత్తి, టైరును ఇరుపక్కలా పట్టి కుదిపేటప్పుడు ఒకరు కింద ప్రతి జాయింటుపై చేయి పెట్టి చూస్తే వదులెక్కడో తెలుస్తుంది.

ఇక్కడే మీ బలమంతా ఉంది. అలైన్‌మెంట్ చక్రాల కోణాన్ని సరిచేస్తుంది. అరిగిన జాయింటును బిగించదు. వదులుగా ఉందని మూడుసార్లు చెబితే మూడుసార్లూ అలైన్‌మెంట్‌తో సరిపెట్టారంటే వారు లోపాన్ని వెతకనే లేదన్నమాట. తయారీ లోపాన్ని రుజువు చేయడం కష్టం. సేవాలోపానికి మీ జాబ్ కార్డులే (ప్రతిసారీ ఫిర్యాదు, చేసిన పని రాసే సర్వీస్ కేంద్రం పత్రాలే) సాక్ష్యం. కాబట్టి ఫిర్యాదులో రెండూ రాయండి, డీలర్‌నూ తయారీ కంపెనీనీ ప్రతివాదులుగా చేర్చండి.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. కారు ధర రూ.5 లక్షలు దాటి 10 లక్షల లోపు ఉంది కనుక ఫీజు రూ.200. న్యాయవాది తప్పనిసరి కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ ప్రకారం లోపాన్ని తగిన ప్రయోగశాలతో పరీక్ష చేయించమని మీరు కోరవచ్చు. గడువు రెండేళ్లు. ఐదు నెలలు ఇప్పటికే గడిచాయి, సర్వీస్ కేంద్రం చుట్టూ తిరిగే కాలం గడువును పెంచదు. కారే మార్చి ఇమ్మనే ఆశ పెట్టుకోకండి. క్లచ్ లోపం కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ కింద భాగం మారిస్తే సరిపోయేచోట మొత్తం వాహనం మార్చనక్కర్లేదని చెప్పింది. ర్యాక్ ఉచితంగా మార్చడం, మీ ఖర్చులు, మానసిక వేదనకు పరిహారం అడగండి.

కారు లేకుండా గడవదు, డబ్బు కట్టి మార్పించుకోక తప్పదంటే ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి ఇచ్చి కట్టండి. పాత ర్యాక్‌ను మాత్రం వారి దగ్గర వదలకండి. బిల్లుతో పాటు తెచ్చుకుని, సీలు చేసి దాచండి. దానికంటే ముందు ఈ రోజే ఒక ఈమెయిల్ పంపండి: మూడు జాబ్ కార్డుల నకళ్లు ఇవ్వమని, వారంటీ పుస్తకంలోని ఏ నిబంధన ప్రకారం నిరాకరించారో చెప్పమని.