వార్‌హామర్ 40కెలో ఊహకందని ఎత్తులు: ఏది ఎత్తు, ఏది తొండి?

మీరు అడిగింది ఇది: రూల్స్ అంచుల మీద ఆడుతూ ఎదుటివాళ్లను తికమక పెట్టడం ఎలా, అది తొండి కిందికి వస్తుందా?

ముందు ఒకటి తేల్చుకోండి. వార్‌హామర్ 40కె బల్లమీద చిన్న సైనికుల బొమ్మలతో, పాచికలతో ఆడే యుద్ధపు ఆట, ఇందులో దాచడానికి ఏమీ ఉండదు. 1824 నాటి ప్రష్యన్ యుద్ధక్రీడ క్రీగ్‌ష్పీల్‌లో సేనలు నిజంగా ఎక్కడున్నాయో అంపైర్‌కే పూర్తిగా తెలిసేది, అక్కడ దాగుడుమూతలు చెల్లేవి. ఇక్కడ బొమ్మలన్నీ కళ్లెదుటే ఉంటాయి, టేపు ఎప్పుడైనా పెట్టి కొలవచ్చు, మీ యూనిట్ (కలిసి కదిలే బొమ్మల జట్టు) ఏం చేయగలదని అడిగితే చెప్పి తీరాలి. అడిగినా చెప్పకుండా చివర్లో బయటపెట్టి గెలవడం తొండే. అన్నీ చెప్పాక కూడా ఎదుటివాడు రెండు చోట్లనూ ఒకేసారి కాపాడుకోలేకపోతే, అది ఎత్తు. కింది లెక్కలు 2023లో వచ్చిన 10వ ఎడిషన్‌వి.

నా అనుభవంలో బాగా పనికొచ్చేది రాపిడ్ ఇన్‌గ్రెస్, అంటే బల్ల బయట ఉంచిన యూనిట్‌ను ఎదుటివాడి టర్న్‌లోనే దించడం. మామూలుగా డీప్ స్ట్రైక్‌తో (బల్ల బయటినుంచి నేరుగా మధ్యలోకి) దిగే యూనిట్ శత్రువు ప్రతి బొమ్మకూ 9 అంగుళాలకు మించిన దూరంలో దిగాలి, ఆ టర్న్‌లో ఇక నడవలేదు. చార్జ్ (శత్రువు మీదికి దూకడం) తగలాలంటే రెండు పాచికల మీద 9 పడాలి. అది పడే అవకాశం 36లో 10, అంటే సుమారు 28 శాతం. కమాండ్ రీరోల్‌తో పాచికలు మళ్లీ వేసినా 48 శాతం దాటదు. దాన్ని నమ్ముకుని ఆటంతా పెట్టకండి. రాపిడ్ ఇన్‌గ్రెస్‌కు ఖర్చు ఒక్క కమాండ్ పాయింటే (ఇలాంటి ప్రత్యేక ఎత్తులకు ఖర్చుపెట్టే పాయింట్), కానీ అది ఎదుటివాడి మూవ్‌మెంట్ ఫేజ్ (టర్న్‌లో నడిచే దశ) చివర్లో వాడేది. అప్పటికి అతను నడవడం అయిపోయింది. మీ టర్న్ రాగానే ఆరంగుళాలు నడిచి, పాచికల మీద 3 పడితే చాలు, తగులుతారు.

ఇది చెడేది దిగే చోటు దగ్గరే. దిగిన వెంటనే అతని షూటింగ్ ఫేజ్, ఆ తర్వాత చార్జ్ ఫేజ్ ఉంటాయి. అందుకే శిథిలం గోడ వెనక, అతని పెద్ద తుపాకులకు కనపడని చోట దించాలి. పదాతి గోడల్లోంచి నడిచిపోగలదు కాబట్టి మీకు అడ్డు ఉండదు. అలాంటి చోటు లేకపోతే ఆ పాయింట్ మిగుల్చుకోండి. ఇంకో తప్పు, మంచి సమయం కోసం ఆగీ ఆగీ మూడో రౌండ్ దాటించడం. అప్పటికీ దిగని యూనిట్ చచ్చినట్టే లెక్క. 2000 పాయింట్ల ఆటలో (సేన మొత్తం విలువ అది) స్ట్రాటజిక్ రిజర్వ్స్‌కు, అంటే బల్ల బయట ఆపి ఉంచే యూనిట్లకు, పరిమితి 500. అంతా నింపితే మొదటి రౌండ్‌లో బల్లమీద మీకు మనుషులు తక్కువైపోతారు. ఒకటి, మహా అయితే రెండు యూనిట్లు చాలు.

అదే ఎత్తు మీ మీద పడకుండా చూసుకోవడం కూడా నేర్చుకోండి. 32 మిల్లీమీటర్ల బేస్ (బొమ్మ కింది గుండ్రటి పీఠం) అంటే దాదాపు 1.26 అంగుళాలు. దిగేవాడు రెండు వైపులా 9 అంగుళాలకు మించి వదలాలి కాబట్టి, మీ రెండు బొమ్మల మధ్య ఖాళీ 19 అంగుళాల లోపుంటే, వాటిని కలిపే గీత మీద ఆ సైజు బేస్ దిగలేదు. గీతకు అటూ ఇటూ జరిగితే మాత్రం చోటు దొరుకుతుంది. బల్ల మూలలు తెరిచి ఉండిపోయేది అందుకే.

దారి కట్టేయడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఎత్తు. నడిచేటప్పుడు ఎవరూ శత్రు బొమ్మకు అంగుళం లోపలికి రాకూడదు. అంటే 32 మిల్లీమీటర్ల బేస్ దూరాలంటే 3.26 అంగుళాలకు పైగా ఖాళీ కావాలి. మీరు బొమ్మకూ బొమ్మకూ రెండేసి అంగుళాలు వదిలి ఐదుగురిని వరసగా నిలిపితే 14.3 అంగుళాల గోడ అవుతుంది, అందులోంచి ఎవరూ దూరలేరు. పదిమంది యూనిట్‌తో ఇదే చేయబోతే కుదరదు. ఏడుగురు, అంతకు మించితే ప్రతి బొమ్మా రెండు అంగుళాల లోపు ఇద్దరితో కలిసి ఉండాలి. వరస కొసనున్న బొమ్మకు ఒక్కడే దొరుకుతాడు. అందుకే చౌకగా వచ్చే ఐదుగురి యూనిట్లు రెండు తీసుకోండి. ఎగిరేవి పైనుంచి పోతాయి, వాటికి ఈ గోడ లెక్కలోకి రాదు.

శత్రు బొమ్మను చుట్టూ కమ్మేసి కదలనివ్వకపోవడం గురించి కూడా వినే ఉంటారు. ఈ ఎడిషన్‌లో దాని బలం తగ్గింది. వెనక్కి తగ్గేవాడు మీ బొమ్మల మీదుగా పోవచ్చు. అలా పోయే ప్రతి బొమ్మకూ పాచిక వేయాలి, 1 గానీ 2 గానీ పడితే ఒక బొమ్మ పోతుంది. అయితే అతను ఆగేచోటు మీ బొమ్మలకు అంగుళం అవతల ఉండాలి. కాబట్టి పక్కనే అంటిపెట్టుకోవడం కాదు, అతను నడవగలిగినంత మేరా ఆగే చోటు లేకుండా రెండో వరస వేయండి.

వీటన్నిటికీ నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. బొమ్మ పెట్టేటప్పుడే "నీవాళ్లు దూరకుండా రెండంగుళాలు వదులుతున్నా, కొలిచి చూడు" అని పైకి చెప్పి ఒప్పించుకుంటాను. తర్వాత చెయ్యి తగిలి బొమ్మ కాస్త జరిగినా ఆ మాటే చెల్లుతుంది, జడ్జిని పిలవాల్సిన పని ఉండదు.