అడగండి, చెబుతాను: గుణదల మొక్కుల నుంచి అస్థికల దాకా

ఈసారి వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే మనసు బరువెక్కింది. ఒకరు సత్ప్రసాదం (చర్చిలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) తీసుకోవడం మానేశారు. ఇంకొకరు పాపసంకీర్తనం (ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) పేరెత్తితేనే టెన్షన్ అంటున్నారు. ఎవరో ఏదో అన్నారని దేవుడి దగ్గరకు వెళ్లడమే మానుకుంటే ఎలా? నేను గురువును (ఫాదర్‌ను) కాను, మఠకన్యనూ (సిస్టర్‌నూ) కాను. విజయవాడలో ముప్పై ఏళ్ల పైన బడి పిల్లలకు లెక్కలు చెప్పి, ఇప్పుడు ఆదివారం పూజ (మాస్) అయ్యాక మా విచారణలో (మా చర్చి పరిధిలో) సత్యోపదేశం, అంటే మత పాఠాలు, చెబుతున్న దాన్ని. శ్రీసభ (కథోలిక చర్చి) నియమం అసలు ఏమంటుందో తెలిస్తే ఈ భయాల్లో సగం ఉండవని నా నమ్మకం. అందుకే ఈ నెల పేజీలు కాస్త ఎక్కువ అడిగి తీసుకున్నాను.

ప్రశ్న: మా కోడలు లూథరన్ (ప్రొటెస్టంట్) ఇంటి పిల్ల. మొన్న ఫిబ్రవరిలో గుణదల తీసుకెళ్లాను. కొబ్బరికాయలు, తలనీలాలు చూసి "అత్తయ్యా, మీరు మరియమ్మను పూజిస్తారా? ఇదంతా బైబిల్‌లో ఉందా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. – ఒక పాఠకురాలు, పటమట

జవాబు: అమ్మా, ముందు మీ కోడలిని మెచ్చుకోండి. లోపల పెట్టుకుని కుమిలిపోకుండా మిమ్మల్నే అడిగింది.

ఆరాధన దేవుడొక్కడికే. ఇందులో మనకూ లూథరన్లకూ తేడా ఏమీ లేదు. మరియమ్మకు మనం ఇచ్చేది గౌరవం, ఆమె దగ్గర కోరేది సహాయం. మంగళవార్త జపం (మరియమ్మను ఉద్దేశించి చెప్పే ప్రార్థన) మీ కోడలికి నిదానంగా చదివి వినిపించండి. మొదటి సగం లూకా సువార్త మొదటి అధ్యాయంలోదే: దేవదూత చెప్పిన వందనం, ఎలిజబెతమ్మ పలికిన దీవెన. రెండో సగంలో మనం ఆమెను అడిగేది ఒక్కటే, "మా కొరకు ప్రార్థించండి" అని. మీకు ఒంట్లో బాగాలేకపోతే పక్కింటావిడతో "నా కోసం కాస్త ప్రార్థన చెయ్యమ్మా" అనరూ? కానా ఊరి పెళ్లిలో ద్రాక్షరసం అయిపోయినప్పుడు ఆ తల్లి సేవకులకు చెప్పింది కూడా ఇంతే: ఆయన మీతో చెప్పినట్లు చేయండి (యోహాను 2:5). ఆమె ఎప్పుడూ కొడుకు వైపే చెయ్యి చూపిస్తుంది.

గుణదల చరిత్ర కూడా చెప్పండి. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్స్‌లోని లూర్దు దగ్గర, బెర్నదెత్త అనే పద్నాలుగేళ్ల పేదింటి పిల్లకు మరియమ్మ మొదటిసారి కనిపించింది. ఆ తల్లి స్వరూపాన్ని 1924లో ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ అర్లాటి మన గుణదల కొండ మీద నిలిపారు. అప్పట్లో ఆయన అక్కడి అనాథ పిల్లల ఆశ్రమం చూసుకునేవారు. అందుకే మన తిరునాళ్ల పెద్ద రోజు కూడా ఫిబ్రవరి 11.

ఇక కొబ్బరికాయ. అది ఏడు సంస్కారాల్లో లేదు, శ్రీసభ ఎవరినీ కొట్టమని అడగలేదు. మన నేల మీద కృతజ్ఞత చూపే తీరు అది, మన తాతలు దాన్ని అలాగే కొండకు తెచ్చుకున్నారు. కొట్టకపోతే తప్పు లేదు. తలనీలాల సంగతికొస్తే, మొక్కు కోసం జుట్టు తీయించుకోవడం బైబిల్‌కు కొత్త కాదు. సంఖ్యాకాండం 6వ అధ్యాయంలో నాజీరు మొక్కు ఉంది, అది తీరాక పెంచిన జుట్టు తీయించుకునేవారు. పౌలుగారే మొక్కు ఉన్నందున కెంక్రేయలో తల వెంట్రుకలు తీయించుకున్నారు (అపొస్తలుల కార్యములు 18:18).

స్వరూపాల గురించి కూడా అడుగుతుంది, సిద్ధంగా ఉండండి. విగ్రహాలు చేసి పూజించవద్దన్న దేవుడే తన ఆజ్ఞల పలకలు ఉంచే మందసం మీద కెరూబులను (దేవదూతల రూపాలను) చేయించమన్నాడు (నిర్గమ 25). స్వరూపానికి చూపే గౌరవం ఆ స్వరూపం ఎవరిదో వారికే చేరుతుందని 787లో నికేయా రెండో మహాసభ తేల్చి చెప్పింది.

ఇంత చెప్పాక మనవాళ్లకూ ఒక మాట అనాలి. ఫిబ్రవరి 10 సాయంత్రం మెట్ల పక్కన నిలబడి చూడండి. కరిగిన కొవ్వొత్తి మైనం అరికాళ్లకు అంటుకుంటుంటే మోకాళ్ల నొప్పులతో ఒక్కో మెట్టూ ఎక్కే ముసలమ్మలు ఉంటారు. గుండు మీద గంధం ఆరని పసివాణ్ని భుజాన వేసుకున్న తండ్రులు ఉంటారు. వాళ్లను చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి. కానీ అదే గంటలో కింద పూజ జరుగుతుంటే అటు తల తిప్పకుండా, కాయ కొట్టి, సెల్ఫీ దిగి బస్సెక్కేవాళ్లు కూడా చాలామందే. కొండకు వచ్చి కొడుకును పలకరించకుండా వెళ్లిపోతే ఆ తల్లి సంతోషిస్తుందా? వచ్చే ఏడు మీ కోడలిని ముందు పూజకు తీసుకెళ్లండి. కొండ ఎక్కడం తర్వాత.

ప్రశ్న: అమ్మకు డెబ్బై దాటాయి, షుగర్ ఉంది. పొద్దున్నే మాత్రలు, రెండు ఇడ్లీలు తప్పవు. "తిన్న నోటితో సత్ప్రసాదం ఎలా తీసుకోను" అని చాలాకాలంగా మానేసింది. – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఈ ఆదివారమే తీసుకెళ్లు నాయనా. అమ్మ చెబుతున్నది ఆమె చిన్నప్పటి నియమం, అప్పట్లో అర్ధరాత్రి నుంచి ఏమీ ముట్టకూడదు. పన్నెండో భక్తినాథ పోపుగారు 1957లో దాన్ని మూడు గంటలకు తగ్గించారు. 1964లో ఆరో పౌలు పోపుగారు గంట చేశారు. సత్ప్రసాదానికి ముందు గంట, అంతే. మంచినీళ్లు, మందులు ఎప్పుడైనా తీసుకోవచ్చు. వృద్ధులకు, జబ్బుతో ఉన్నవాళ్లకు, వాళ్లను చూసుకునేవాళ్లకు ఆ గంట కూడా వర్తించదు. గుడికి రాలేని రోజున ఫాదర్‌గారికి కబురు చేస్తే సత్ప్రసాదం ఇంటికే తెస్తారు.

ప్రశ్న: మాది ఆర్‌సీఎం (రోమన్ కథోలిక). నేను పెళ్లి చేసుకోబోయే అమ్మాయి లూథరన్. ఆమె మళ్లీ జ్ఞానస్నానం (బాప్తిస్మం) తీసుకోవాలా? మా ఫ్రెండ్ ఒకడు వేరే సంఘంలో చేరి, చిన్నప్పుడు ఇచ్చింది చెల్లదు, నువ్వే కాలువలో మునిగి మళ్లీ తీసుకోవాలంటున్నాడు. – ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఇద్దరికీ అక్కర్లేదు. నీళ్లతో, పిత పుత్ర పవిత్రాత్మ నామమున ఇచ్చిన జ్ఞానస్నానం ఎక్కడ తీసుకున్నా కథోలిక శ్రీసభకు చెల్లుతుంది. అది జీవితంలో ఒక్కసారే. ప్రభువొక్కడే, విశ్వాసమొక్కటే, జ్ఞానస్నానమొక్కటే అంటారు పౌలుగారు (ఎఫెసీ 4:5). మునిగినా, తల మీద పోసినా తేడా లేదు. పసిపిల్లలకు ఎందుకు ఇస్తామంటే, దేవుడి ప్రేమ మన తెలివితేటలు పెరిగేదాకా ఆగదు కాబట్టి. తల్లిదండ్రులు, జ్ఞానతల్లిదండ్రులు ఆ విశ్వాసంలో పెంచుతామని మాటిస్తారు. భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) నాడు నువ్వే నీ నోటితో ఆ విశ్వాసాన్ని ప్రకటించావు, గుర్తు చేసుకో.

పెళ్లికి మాత్రం బిషప్‌గారి అనుమతి కావాలి. దరఖాస్తు మీ విచారణ గురువుల ద్వారానే వెళుతుంది. నీ విశ్వాసాన్ని వదలనని, పిల్లలకు కథోలిక జ్ఞానస్నానం ఇచ్చి అలాగే పెంచడానికి చేతనైనంత చేస్తానని నువ్వు మాటివ్వాలి. ఆ అమ్మాయి ఏ ప్రమాణమూ చేయనక్కర్లేదు, నువ్వు ఇచ్చిన మాట ఆమెకు తెలిసి ఉంటే చాలు. పెళ్లి వాళ్ల గుడిలోనే జరగాలని ఆమె పెద్దలు పట్టుబడితే దానికీ దారి ఉంది, బిషప్‌గారు ప్రత్యేకంగా మినహాయింపు ఇవ్వగలరు. చెప్పకుండా చేసుకుంటేనే చిక్కు. ఆ పెళ్లి శ్రీసభ లెక్కలోకి రాదు, తర్వాత సరిచేసుకునేదాకా సత్ప్రసాదానికి దూరంగా ఉండాల్సి వస్తుంది. కాబట్టి హాలు బుక్ చేయడానికి ముందే ఫాదర్‌గారిని కలువు.

కొత్తగా తీసిన జ్ఞానస్నాన సర్టిఫికెట్ అడుగుతారు, ఇంట్లో లామినేషన్ చేయించి దాచిన పాతది పనికిరాదు. కారణం ఉంది. జ్ఞానస్నానం ఇచ్చిన గుడిలో అట్ట ఊడిపోతున్న ఒక పెద్ద రిజిస్టరు ఉంటుంది. నీ పేరు, అమ్మానాన్నలు, జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి, గురువుల సంతకం అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. నీకు ఇదివరకే పెళ్లయి ఉంటే ఆ వరుస పక్కన మార్జిన్‌లో రాసి ఉంటుంది. దాన్ని చూసి ఇచ్చిన కాగితమే కావాలి.

ఇంకో మాట. లూథరన్ మిషనరీ హయ్యర్‌గారు 1842లో గుంటూరు వచ్చినప్పటి నుంచి లూథరన్లూ మనమూ ఇరుగుపొరుగునే ఉన్నాం. 1999 అక్టోబరు 31న రెండు సభలూ కలిసి, మనిషి నీతిమంతుడయ్యేది దేవుడి కృప వల్లేనని ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. రెండు ఇళ్ల పెద్దలూ కూర్చున్నప్పుడు ఆ సంగతి చెప్పు.

ప్రశ్న: పాపసంకీర్తనం చేసి చాలా ఏళ్లయింది. మా ఫాదర్‌గారికి మా ఇల్లంతా తెలుసు. ఆయన ముందు ఎలా చెప్పను? అసలు మనిషికెందుకు చెప్పాలి? – పేరు వద్దన్న పాఠకురాలు, విజయవాడ

జవాబు: తల్లీ, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

ఎందుకు చెప్పాలో ముందు చూద్దాం. ఉత్థానమైన ప్రభువు శిష్యుల మీద శ్వాస ఊది, మీరు ఎవరి పాపాలు క్షమిస్తారో అవి క్షమించబడతాయన్నారు (యోహాను 20:22-23). ఆ అధికారం ఆయనే మనుషుల చేతుల్లో పెట్టారు. గురువు క్రీస్తు పేరున వింటారు, ఆయన పేరున క్షమాపణ పలుకుతారు. మన చెవులతో ఆ మాట వినాలి కదా! లోలోపల ఎన్నిసార్లు ఏడ్చినా, "నీ పాపాలు క్షమించాను" అని ఒకరు పైకి అంటే గుండె తేలికవుతుంది.

రహస్యం గురించి భయం వద్దు. విన్నది గురువు ఎవరికీ చెప్పకూడదు, పోలీసుకూ, కోర్టుకూ, బిషప్‌గారికీ కూడా. నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణమే శ్రీసభ నుంచి బహిష్కృతుడవుతాడు. అయినా మీ ఫాదర్‌గారి దగ్గరే చెప్పాలన్న రూలు లేదు. వేరే విచారణకు వెళ్లండి. గుణదల తిరునాళ్లలో ఎంతోమంది గురువులు పాపసంకీర్తనం వినడానికే కూర్చుంటారు, అక్కడ మీరెవరో ఎవరికీ తెలియదు. మొహం కనిపించకుండా జాలీ వెనక నుంచి చెప్పే హక్కు కూడా మీకుంది.

ప్రార్థనలు మర్చిపోయానని ఆగకండి. "ఫాదర్‌గారూ, చాలా ఏళ్లయింది, ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు" అనండి, మిగతాది ఆయన నడిపిస్తారు. మొదటి సత్ప్రసాదానికి సిద్ధమయ్యే మా పిల్లలు పాపాలన్నీ చీటీ మీద రాసుకుని, ఎవరూ చూడకుండా పిడికిట్లో నలుపుకుంటూ వరుసలో నిలబడతారు. బయటికి రాగానే దాన్ని ముక్కలు ముక్కలుగా చించి గంతులేస్తారు. మీరూ చీటీ రాసుకోండి, తప్పేం లేదు. ఆలస్యం చేయకండి తల్లీ, మీకోసం ప్రార్థిస్తున్నాను.

ప్రశ్న: సిమెట్రీలో చోటు దొరక్క నాన్నగారిని దహనం చేశాం. అస్థికలు కృష్ణలో కలపమని బంధువులంటున్నారు. కలపవచ్చా? – ఒక పాఠకుడు, తాడేపల్లి

జవాబు: దహనం చేసినందుకు బాధపడకండి. 1963 నుంచి శ్రీసభ దాన్ని అనుమతిస్తోంది, విశ్వాసాన్ని కాదనే ఉద్దేశంతో చేయకూడదంతే. సమాధి చేయడమే మేలని మాత్రం ఇప్పటికీ చెబుతుంది. అస్థికల విషయంలో 2016లో రోము స్పష్టంగా చెప్పింది: నీళ్లలో కలపడం, గాలిలో చల్లడం, లాకెట్లలో పెట్టుకోవడం వద్దు. సిమెట్రీలోనో, గుడి ఆవరణలోనో, పవిత్రమైన చోట ఉంచాలి. ఆ దేహం పవిత్రాత్మకు ఆలయంగా ఉంది, ఒకనాడు లేస్తుందని మన నమ్మకం. పైగా పేరున్న చోటు ఒకటి ఉంటే, నవంబరు 2న సమాధుల పండుగకు మనవలు వచ్చి పూలు పెట్టి కొవ్వొత్తి వెలిగిస్తారు. కలశానికి పెద్ద చోటు అక్కర్లేదు. తాతగారి సమాధిలోనే ఒక మూల తవ్వి ఉంచవచ్చేమో మీ ఫాదర్‌గారిని అడగండి.

చనిపోయినవారి కోసం ప్రార్థించడం బైబిల్‌లో లేదని ఎవరైనా అంటే, మక్కబీయుల రెండో గ్రంథం 12వ అధ్యాయం చూపించండి. ప్రొటెస్టంట్ల బైబిల్‌లో ఆ పుస్తకం ఉండదు. వాళ్ల బైబిల్‌లో పుస్తకాలు 66, మనదానిలో 73. నాన్నగారి పేరున పూజ పెట్టించండి.

ప్రశ్న: మేము హిందువులం. ఏటా గుణదల వస్తాం. పూజలో అందరూ వరుసగా వెళ్లి తీసుకునే ప్రసాదం మేమూ తీసుకోవచ్చా? – ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: మీరు ఆ కొండకు పరాయివాళ్లు కారమ్మా. కానీ అది పంచిపెట్టే ప్రసాదం లాంటిది కాదు. అది సాక్షాత్తు క్రీస్తు శరీరమని మేం నమ్ముతాం. అందుకే జ్ఞానస్నానం పొంది, ఆ నమ్మకంతో సిద్ధపడినవాళ్లకే ఇస్తారు. మాలోనూ పెద్ద పాపం చేసినవాళ్లు పాపసంకీర్తనం చేయకుండా తీసుకోకూడదు. వరుసలో వెళ్లి రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని నిలబడండి, చాలాచోట్ల గురువులు తల మీద చెయ్యి పెట్టి దీవిస్తారు. పూజంతా కూర్చోవచ్చు, ప్రార్థించవచ్చు, కొవ్వొత్తి వెలిగించవచ్చు. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు నుదుట పెట్టే విభూదిని మాత్రం ఎవరైనా పెట్టించుకోవచ్చు.