జూన్ 5న మొక్కలొద్దు, తొట్లు కట్టండి

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఏటా జూన్ 5న పర్యావరణ దినోత్సవం చేస్తాం. పిల్లలు ప్లకార్డులు పట్టుకుంటారు, పెద్దలు మొక్కలు నాటుతారు, ఫొటోలు దిగుతాం. ఈసారి కమిటీ 25 వేలు పక్కన పెట్టి, అసోసియేషన్ పేరు అచ్చు వేయించిన గుడ్డ సంచులు ఇంటికి రెండేసి పంచుదామంటోంది. ఆ డబ్బుతో కింద కంపోస్ట్ తొట్లు కట్టిద్దామని నేనన్నాను. ‘కంపు కొడుతుంది, పైగా కార్యక్రమం ఉంటేనే నలుగురికీ స్ఫూర్తి’ అంటున్నారు. నాది మొండితనమా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మొండితనం కాదమ్మా, మీ మాటే సబబు. కమిటీ వాళ్లకి చెప్పడానికి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మొక్కల సంగతి. జూన్ 5 మన వానల్ని చూసి పెట్టిన తేదీ కాదు. 1972లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ సదస్సు ఆ రోజు మొదలైంది, అందుకే అది దినోత్సవమైంది. మనకి అప్పుడు రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. మృగశిర రావడానికే ఇంకా రెండు మూడు రోజులుంటుంది, నేల లోపలిదాకా తడవడానికి మరింత సమయం పడుతుంది. వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ తంతు చూశాను. పాలిథిన్ కవరు చింపకుండానే గుంటలో దించిన మొక్కల్ని నా చేత్తో పైకి తీసిన సందర్భాలున్నాయి. నెల తిరిగేసరికి ట్రీగార్డు ఒక్కటే మిగిలేది. మరుసటేడు అదే గుంటలో ఇంకో మొక్క. మీరు నాటాలనుకుంటే ఆరుద్ర దాకా ఆగండి, రెండు గట్టి వానలు పడనివ్వండి. కానుగ, వేప, నేరేడు ఏదైనా సరే. కోనోకార్పస్ మాత్రం వద్దు. చకచకా పచ్చగా పెరుగుతుందని ఊరూరా రోడ్ల వెంట నాటిన ఆ మొక్కను ఇక నాటొద్దని 2022లో తెలంగాణ ప్రభుత్వమే చెప్పింది. నాటిన ప్రతి మొక్కనీ ఒక ఇంటికి అప్పగించండి. రెండు వేసవులు నీళ్లు పోసే పూచీ ఆ ఇంటిదే.

ఇక సంచులు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ఒక అధ్యయనం ప్రచురించింది. భూతాపం లెక్కన చూస్తే, ఒక్కసారి వాడి పారేసే పలుచటి ప్లాస్టిక్ సంచితో సరితూగాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలని అందులో తేలింది. పత్తి పండించడానికి, నేయడానికి అంత ఖర్చవుతుంది మరి. నాలాల్లో ఇరుక్కునే ప్లాస్టిక్ బాధ ఆ లెక్కలో లేదు, కాబట్టి గుడ్డ సంచి దండగని నేననను. కానీ మీ ఇళ్లలో పెళ్లిళ్లకి, షాపు ప్రారంభాలకి ఇచ్చిన సంచులు ఇప్పటికే బీరువాల్లో మూలుగుతుంటాయి. వాటిలో ఒకటి స్కూటర్ డిక్కీలోకి వెళ్తే చాలు. కొత్తవి అచ్చు వేయించొద్దు.

అసలు విషయం మీ వంటింట్లో ఉంది. ఇంటికి రోజుకి అరకిలో తడి చెత్త అనుకున్నా, 60 ఇళ్లకి 30 కిలోలు. నెలకి 900 కిలోలు. అన్నం మెతుకులు, అరటి తొక్కలు, కూర తుక్కు అన్నీ కవర్లలో మూటకట్టి పంపిస్తే గుట్టలో గాలాడక కుళ్లి మీథేన్ అవుతాయి. నూరేళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు వేడి పెంచుతుంది. మన నగరం చెత్త చేరే జవహర్‌నగర్ గుట్టల నుంచి కారిన మురుగు మల్కారం చెరువును ఏం చేసిందో వెళ్లి చూసినవాళ్లకి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఆ ఊళ్లవాళ్లు పీల్చే కంపులో మన వాటా ఉంది. ‘మన సెల్లార్‌లో కంపు’ అని భయపడేవాళ్లకి ఈ మాట గట్టిగా చెప్పండి.

నిజానికి సరిగ్గా చేస్తే కంపు రాదు. ఇటుకల మధ్య సందులు వదిలి, గాలి ఆడేలా మూడు నాలుగు తొట్లు కట్టించండి. అడుగున కొబ్బరి పీచు. ఆ పైన తడి చెత్త ఎంత వేస్తే, దాన్ని పూర్తిగా కప్పేటన్ని ఎండుటాకులు. మొదట్లో కాస్త పేడ నీళ్లో, పుల్లటి మజ్జిగో చల్లితే పని తొందరగా అందుకుంటుంది. వారానికోసారి కర్రతో తిరగేయాలి. కంపొస్తోందంటే తడి ఎక్కువైందన్నమాట, ఇంకో రెండు గంపల ఆకులు వేయండి. పిడికిట్లోకి తీసుకుని పిండితే నీళ్లు కారకూడదు, చేయి మాత్రం చెమ్మ కావాలి. రెండు నెలలకి మట్టి వాసన వస్తుంది. పాల ప్యాకెట్ కత్తిరించేటప్పుడు ఆ మూల ముక్కని పూర్తిగా తెంపొద్దని ప్రతి ఇంట్లో చెప్పండి. గోరంత ముక్క తడి చెత్తలో కలిసిందంటే ఎరువు జల్లెడ పట్టేటప్పుడు ప్రాణం తీస్తుంది.

ముందు ఒప్పుకున్న పది పదిహేను ఇళ్లతోనే మొదలుపెట్టండి. ఇంకొక మాట. ఈ పనంతా వాచ్‌మన్ భార్య నెత్తిన ఊరికే రుద్దకండి. గ్లౌజులివ్వండి, నెలనెలా జీతం కట్టివ్వండి.

స్ఫూర్తి సంగతా? ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారిని గుర్తు చేయండి. 2017లో పద్మశ్రీ అందుకున్న మనిషి. మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ అని బోర్డు వేసుకునే తిరిగేవారు. అదీ ప్లకార్డే. కానీ ఆయన తిరిగే సైకిలు మీద విత్తనాలూ మొక్కలూ ఉండేవి, ఏళ్ల తరబడి ఆయన చేసింది ఆ పనే. మీ పిల్లలూ ప్లకార్డులు పట్టుకోనీయండి, ఈసారి తొట్ల పక్కన నిలబడి.

ప్రశ్న: మా హాస్టల్‌లో మార్చిలో ఎర్త్ అవర్ పాటించాం. గంటసేపు లైట్లు ఆపితే నిజంగా ఏమైనా ఒరుగుతుందా?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: కరెంటు లెక్కన చాలా తక్కువ బాబూ. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు గంటసేపు ఆపితే 36 వాట్ అవర్లు, అంటే యూనిట్‌లో ఇరవయ్యో వంతు కూడా లేదు. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. ఎండాకాలం రోజుకి 15 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాన్ మీదే 675 వాట్ అవర్లు మిగులుతాయి. మీ నాలుగు బల్బుల ఎర్త్ అవర్లు పద్దెనిమిది కలిపినంత, అదీ ఒక్క రోజులో. హాస్టల్లో ఎన్ని ఫ్యాన్లున్నాయో లెక్కపెట్టి, ఏటా కాలిపోయి మార్చే వాటి స్థానంలో ఈ బీఎల్‌డీసీ ఫ్యాన్లు తెప్పించమని వార్డెన్‌కి అర్జీ పెట్టండి. ఏసీ ఉన్న ఇళ్లలోనైతే 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకోవాలి. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా ఆదా అని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది.

వచ్చే ఏడాది ఎర్త్ అవర్ నాటికి మీ ఇంట్లో ఉంటే, ఆ గంటలో ఒక పని చేయండి. అన్నీ ఆపేసి మీటర్ దగ్గరికి వెళ్లి చూడండి. ఎర్ర లైటు ఇంకా మినుకుతుంటే ఏదో కరెంటు తాగుతోందని అర్థం. సెట్‌టాప్ బాక్సు స్విచ్చి గోడ దగ్గర ఆపారో లేదో ముందు అది చూసుకోండి.