రెండో లెన్సు ఏది కొంటారు?

ప్రశ్న: మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. ప్రదర్శనలు ఎక్కువగా ఇక్కడి వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో జరుగుతాయి. ఫోనుతో తీస్తే చేతులూ ముఖమూ చెదిరిపోతున్నాయి. వీలైన ఆదివారాల్లో ఉప్పలపాడు వెళ్లి పక్షులను తీయాలని కూడా ఉంది. హ్యాండ్‌బ్యాగులో పట్టే మిర్రర్‌లెస్ కెమెరా కావాలి. సోనీ ఆల్ఫా 6400, ఒలింపస్ ఈ-ఎం10 మార్క్ 4 దగ్గర ఆగిపోయాను. రెండోది తెలిసినవారి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతోంది. ఏది చిన్నది, ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, గవర్నర్‌పేటలో నేను స్టూడియో నడిపిన రోజుల్లో పెళ్లికి వచ్చిన పెద్దమనుషులు కెమెరా ఏ కంపెనీదని అడిగేవారు. లెన్సు ఏమిటని అడిగినవారు అరుదు. మీ ఉత్తరంలోనూ లెన్సు మాటే లేదు.

బాడీల సంగతి, అంటే లెన్సు లేని కెమెరాల సంగతి, ముందు తేల్చేద్దాం. బ్యాటరీ, కార్డుతో కలిపి సోనీ 403 గ్రాములు, ఒలింపస్ 383. ఆ ఇరవై గ్రాములు మీ హ్యాండ్‌బ్యాగుకు లెక్కలోకి రావు. తేడా అంతా ముందు బిగించే లెన్సులో ఉంది. ఒలింపస్, పానాసోనిక్ కలిసి 2008లో తెచ్చిన మైక్రో ఫోర్ థర్డ్స్ పద్ధతిలో సెన్సర్ (ఫిల్ముకు బదులు బొమ్మను పట్టే చిప్పు) 17.3 × 13 మిల్లీమీటర్లు. సోనీ 6400లోని ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5 × 15.6. సెన్సర్ చిన్నదైతే దాని మీద బొమ్మ పరిచే లెన్సూ చిన్నదిగా చేయవచ్చు. ఒలింపస్ 45 మి.మీ. ఎఫ్1.8 లెన్సు 116 గ్రాములే, గుప్పిట్లో ఇమిడిపోతుంది. సోనీకి దాదాపు అదే దృశ్యకోణం ఇచ్చే సిగ్మా 56 మి.మీ. ఎఫ్1.4 బరువు 280 గ్రాములు.

ఇక స్టేజీ. కెమెరాతో వచ్చే కిట్ లెన్సును పూర్తిగా జూమ్ చేస్తే అపర్చర్, అంటే వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్5.6కు పడిపోతుంది. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది. ఎఫ్1.8 దానికంటే దాదాపు పది రెట్లు వెలుగును లోపలికి రానిస్తుంది. ఒక ఉదాహరణ చూడండి. నాట్యంలో చేతులు చెదరకుండా రావాలంటే షట్టర్ కనీసం 1/250 సెకను పెట్టాలి. మసక లైట్ల హాలులో ఎఫ్5.6 దగ్గర దీనికి ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 12800 కావలసి వచ్చిందనుకుందాం. ముఖం మీద ఇసుక చల్లినట్టు ఉంటుంది ఫొటో. అదే వెలుగులో ఎఫ్1.8 లెన్సుకు 1250 చాలు. ఏ బాడీ కొన్నా కిట్ లెన్సుతో సరిపెట్టుకుంటే మీ సమస్య తీరదు. రెండో లెన్సు డబ్బు పక్కన పెట్టాకే బాడీ ధర అడగండి.

ఒలింపస్ బాడీలో చేతి వణుకును సర్దే ఏర్పాటు ఉందనీ, సోనీ 6400లో లేదనీ మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నిజమే. ఉండవల్లి గుహల్లో అనంతశయనుడిని ఆ చీకట్లో స్టాండు లేకుండా తీయాలంటే అది వరం. కానీ స్వామి కదలడు, మీ అమ్మాయి కదులుతుంది. ఎదురుగా ఉన్నవారి కదలికను ఆ ఏర్పాటు ఆపలేదు. ఆపేది షట్టరే.

పళ్లెం మీద తరంగం చేస్తూ ముందుకు వచ్చే పిల్ల కంటిని వెంటాడి పట్టుకోవడంలో సోనీది పైచేయి. దాని సెన్సర్ మీద ఫోకస్ ఎటు తిప్పాలో వెంటనే లెక్కగట్టే ఫేజ్ డిటెక్షన్ బిందువులు 425 ఉన్నాయి. ఒలింపస్ ఈ-ఎం10 వరుసలో ఆ పద్ధతి లేదు. నిలబడిన మనిషి దగ్గర ఒలింపస్ ఫోకస్ చక్కగా పనిచేస్తుంది, పరుగెత్తే మనిషి దగ్గర తడబడుతుంది. అందుకని మీకు నా మాట: సోనీ 6400, సిగ్మా 56. ప్రయాణాలకు 116 గ్రాముల 16-50 కిట్ లెన్సు. పదిహేను ఫొటోలు వరసగా కొట్టేయకుండా మృదంగం మీద చెవి పెట్టండి. ముక్తాయింపు పడి నర్తకి భంగిమ నిలిపిన ఆ క్షణంలో నొక్కండి. పిల్ల పాఠం మీకు ఇప్పటికే కంఠతా వచ్చి ఉంటుంది, ఏ ఫొటోగ్రాఫరుకూ లేని సౌకర్యం అది.

ఉప్పలపాడు మాట. పక్షులే ముఖ్యమని రాసి ఉంటే తడుముకోకుండా ఒలింపస్ అనేవాణ్ణి. దాని 75-300 జూమ్ 423 గ్రాములు, ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 మి.మీ. ఫిల్ము సైజు) లెక్కలో 600 మి.మీ. దాకా లాగుతుంది. సోనీ 70-350 బరువు 625, లెక్కలో 525 దగ్గర ఆగుతుంది. అయితే అక్కడి ఎర్రకాళ్ల కొంగలూ గూడబాతులూ పిచ్చుకలు కావు, పెద్ద పక్షులు. చెరువులోని చెట్ల మీద గూళ్లు కట్టుకుని కూర్చుంటాయి. ఉదయపు ఎండలో సోనీ 55-210 చవక లెన్సు కూడా మంచి ఫొటోలే ఇస్తుంది. దాన్నీ ఇప్పుడే కొనవద్దు. ముందు ఒక సీజను నాట్యం తీయండి.

తెలిసినవారి ఒలింపస్ గురించి ఒక్క మాట. ఆ కెమెరాల వ్యాపారం 2021 జనవరిలో వేరే సంస్థ చేతికి వెళ్లింది, కొత్త బాడీలు ఓఎం సిస్టమ్ పేరుతో వస్తున్నాయి. పాత లెన్సులు వాటికీ సరిపోతాయి కాబట్టి లెన్సులు వృథా అవుతాయన్న భయం లేదు. సర్వీసు ఎక్కడ చేస్తారో మాత్రం తెలుసుకోకుండా డబ్బు ఇవ్వకండి. మరొకటి, మిర్చి యార్డు వైపు తిరిగేటప్పుడు లెన్సు మార్చకండి. మిర్రర్‌లెస్‌లో అద్దం అడ్డు ఉండదు, దుమ్ము తిన్నగా సెన్సర్ మీదికే చేరుతుంది.

ప్రశ్న: నాన్నగారి ఫిల్మ్ కెమెరా తాలూకు నికాన్ 50 మి.మీ. ఎఫ్1.8 లెన్సు ఇంట్లో ఉంది. నా సోనీ మిర్రర్‌లెస్‌కు పనికొస్తుందా?
– ఒక విద్యార్థి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: నిక్షేపంగా వస్తుంది. నికాన్ పాత కెమెరాల్లో లెన్సు అంచుకూ ఫిల్ముకూ మధ్య దూరం 46.5 మి.మీ. సోనీలో 18 మాత్రమే. మిగిలిన 28.5 మిల్లీమీటర్లను నింపే బోలు గొట్టమే అడాప్టర్. లోపల గాజు లేదు కనుక ఖరీదైనది అక్కర్లేదు, వదులు లేకుండా బిగిస్తే చాలు. మీ కెమెరాది ఏపీఎస్-సీ సెన్సర్ అయితే 75 మి.మీ. లెన్సులా పనిచేస్తుంది, ముఖాలకు బాగుంటుంది. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. మెనూలో పీకింగ్ పెట్టుకుంటే ఫోకస్ కుదిరిన అంచులు రంగులో మెరుస్తాయి. ‘లెన్సు లేకుండా షట్టర్’ అన్న అంశాన్ని కూడా ఆన్ చేయండి, లేకపోతే బటన్ నొక్కినా కెమెరా ఉలకదు పలకదు.

బిగించేముందు లెన్సులోకి టార్చి వేసి చూడండి. సన్నని తెల్ల దారాలు కనబడితే బూజు పట్టినట్టు. మన తేమకు బీరువాలో ఉంచిన లెన్సులకు అది మామూలే. శుభ్రం చేయించేదాకా దాన్ని మిగతా లెన్సుల పెట్టెలో పెట్టకండి.