రెండోసారి ఛాతీ తెరుస్తారట, మెదడుకి ఏం కాదు కదా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మా నాన్నగారికి చాలా ఏళ్ల కిందట బైపాస్ అయింది. ఇప్పుడు గుండె పైన పెద్ద రక్తనాళం వంపు దగ్గర ఉబ్బిందట, మళ్లీ ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఒళ్లంతా చల్లబరిచి కాసేపు రక్తం తిరగడం ఆపేస్తారట, అది విన్నప్పట్నుంచీ అమ్మకి నిద్ర లేదు. మెదడు దెబ్బతినదా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వినడానికి భయంగానే ఉంటుందమ్మా, కానీ ఆ చల్లబరిచేది మెదడుని కాపాడ్డానికే. మామూలు వేడిలో రక్తం అందకపోతే నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది, అదే ఒంటి వేడిని 18-20 డిగ్రీలకి దించితే దానికి కావాల్సిన ఆక్సిజన్ బాగా తగ్గిపోయి దాదాపు అరగంట తట్టుకుంటుంది. పైగా ఇప్పుడు చాలాచోట్ల పూర్తిగా ఆపరు, కుడి భుజం దగ్గర రక్తనాళంలోంచి మెదడుకి మాత్రం కొంచెం కొంచెంగా రక్తం పంపుతూనే ఉంటారు, అప్పుడు అంత చల్లదనం కూడా అక్కర్లేదు.

నన్నడిగితే అసలు భయపడాల్సింది ఛాతీ తెరిచేటప్పుడు. పాత ఆపరేషన్ వల్ల గుండె, బైపాస్ గ్రాఫ్టులు (అప్పుడు అతికించిన నాళాలు) రొమ్ము ఎముక వెనక అతుక్కుపోయి ఉంటాయి, రంపం తగిలి ఏదైనా చిరిగితే రక్తం పోయి బీపీ పడిపోతుంది, దాంతో మెదడుకీ దెబ్బే. అందుకే ముందే సీటీ తీసి ఏది ఎముకకి ఎంత దగ్గరగా ఉందో చూసుకుంటారు, రిస్కు ఎక్కువనిపిస్తే ఛాతీ తెరవకముందే తొడ దగ్గరో భుజం దగ్గరో నాళం రెడీ చేసి, గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే హార్ట్-లంగ్ మెషిన్ కలిపేస్తారు. సీటీలో ఏం కనిపించిందో మీ సర్జన్ గారిని తప్పకుండా అడగండి, అడిగితే ఏమనుకుంటారో అని ఆగకండి. మెదడుకి రక్తం తీసుకెళ్లే మెడ నాళాల్లో అడ్డంకులున్నాయేమో చూసే డాప్లర్ స్కాన్ తీశారా అనేది కూడా అడగండి.

ఇంకో సంగతి, నాళం గోడల్లోని కొవ్వు, సున్నం ముక్కలు గానీ గాలి బుడగలు గానీ మెదడుకి ఎక్కితే స్ట్రోక్ రావచ్చు. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఈ రిస్కు సున్నా అవదు, అబద్ధం చెప్పను. నుదుటి మీద రెండు స్టిక్కర్లు అంటించి మెదడులో ఆక్సిజన్ ఎంతుందో చూస్తూ ఉంటారు, చివర్లో మెల్లగా వేడెక్కిస్తారు.

తర్వాత కొన్నాళ్లు నాన్నగారు తికమకగా మాట్లాడొచ్చు, పెద్దవాళ్లలో ఇది మామూలే, చాలామందికి తగ్గిపోతుంది. ఆయనకి కళ్లజోడు, చెవి మెషిన్ ఉంటే వాటిని ఐసీయూలోకి పంపించండి, సరిగ్గా కనిపించి వినిపిస్తే తికమక తగ్గుతుంది. కానీ మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా తికమకే కదా అని వదిలెయ్యకండి, ఆ నిమిషమే నర్సుకి చెప్పండి.