బఠాణీకి నీళ్లు ఆపకండి

ప్రశ్న: నాలుగు మడుల్లో బఠాణీ వేశాను. పూత, పిందె బాగానే ఉన్నాయి. వారం నుంచి ఆకుల మీద తెల్లటి పొడి కనిపిస్తోంది. తేమ ఎక్కువైందేమోనని నీళ్లు తగ్గించాను. అయినా పాకుతూనే ఉంది. కొన్ని ఆకుల మీద తెల్లటి వంకర గీతలు కూడా ఉన్నాయి. గంధకం, వేపనూనె కలిపి కొట్టమంటున్నారు. కొట్టవచ్చా?

జవాబు: కలిపి కొట్టకండి. ముందు మడులకు నీళ్లు పెట్టండి. పూత, పిందె మీద ఉన్న బఠాణీకి బెట్ట తగిలితే పూలు రాలిపోతాయి, కాయలో గింజ నిండదు.

ఆకును వేలితో తుడిచి చూడండి. పైభాగాన పొడి పిండిలా వేలికి అంటితే బూడిద తెగులే. ఇది మొలవడానికి ఆకు మీద నీటిబొట్టు అక్కర్లేదు. పగలు పొడిగా, రాత్రి చల్లగా ఉంటే చాలు. అందుకే మీరు నీళ్లు తగ్గించినా ఆగలేదు. పైన పసుపు మచ్చ, సరిగ్గా దాని అడుగున బూడిదరంగు నూగు ఉంటే మాత్రం అది బూజు తెగులు. చలి, తడి కలిసినప్పుడు వస్తుంది.

బూడిద తెగులైతే నీటిలో కరిగే గంధకం లీటరు నీటికి 3 గ్రాములు కలిపి, సాయంత్రం పూట ఆకు రెండువైపులా తడిసేలా కొట్టండి. ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో వద్దు. 10 రోజులకు మరోసారి. తెల్లబడిన ఆకు మళ్లీ పచ్చబడదు, దానికి టెన్షన్ పడకండి. కొత్త చిగురు శుభ్రంగా వస్తోందా అన్నదే చూడండి. కోతకొచ్చిన కాయలు మందు కొట్టకముందే కోసేసుకోండి.

గంధకానికీ నూనెకూ మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి. కొన్నేళ్ల కిందట నేను గంధకం కొట్టిన మూడో రోజునే వేపనూనె కొట్టాను. వారం తిరిగేసరికి ఆకుల అంచులు మాడి, పూత రాలిపోయింది. తెగులు వల్ల పోయినదానికన్నా నా చేతి వల్ల పోయిందే ఎక్కువ. ఆ మడి చూసి పడ్డ బాధ ఇప్పటికీ మరచిపోలేదు.

ఆ గీతలకు అసలు మందే అక్కర్లేదు. అవి ఆకు తొలిచే పురుగువి. చిన్న ఈగ ఆకు పొరలో గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు లోపలి పచ్చదనం తింటూ పోయిన దారే ఆ గీత. ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గీత చివర పురుగు కనిపిస్తుంది. అక్కడే నొక్కేయండి. గీతలు నిండిన కింది ఆకులను తుంచి, సంచిలో కట్టి పారేయండి. పురుగు ప్యూపాగా మారేది కూడా ఆకులోనే కాబట్టి మడిలో వదిలేస్తే మళ్లీ ఈగలవుతాయి. పై ఆకులు బాగుంటే కాపుకు ఢోకా లేదు.

వచ్చేసారి కాస్త ముందుగా విత్తండి. ఆలస్యమైన పంటకే బూడిద తెగులు ఎక్కువ. అదే మడిలో మూడేళ్లదాకా బఠాణీ వద్దు.

ఏ మొక్కయినా కిందినుంచి పసుపెక్కి వడలిపోతుంటే మొదలు దగ్గర కాండం నిలువుగా చీల్చి చూడండి. లోపల ఇటుకరంగు చార కనిపిస్తే అది ఎండు తెగులు. దానికి గంధకం పనిచేయదు. ఆ మొక్కను వేళ్లతో సహా పీకేసి, ఫొటో తీసి నాకు పంపండి.