మా అబ్బాయి ఒంటరిగా భూమి చుట్టి వస్తానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై ఆరేళ్ళు. నేవీలో చేరి నాలుగేళ్ళయింది, తెరచాప పడవల పోటీలకి వెళ్తుంటాడు. ఎప్పటికైనా ఒక్కడే పడవలో ప్రపంచం చుట్టి వస్తానంటున్నాడు. నేవీలో పనిచేసిన అభిలాష్ టామీ గారు నడుము విరిగినా మళ్ళీ వెళ్ళారు కదా అంటాడు. అది విన్నప్పట్నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు. వద్దని చెప్పనా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, మీ భయం సరైనదే. అది తీసేసే మాటలు నేను చెప్పను. కానీ మీవాడు చెప్పిన కథలో సగమే మీకు అందింది. మిగతా సగం కూడా వినండి.

2018 సెప్టెంబర్ 21. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి దాదాపు 1,900 నాటికల్ మైళ్ళ దూరంలో, దక్షిణ హిందూ మహాసముద్రంలో పెద్ద తుపాను. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టి వచ్చే ‘గోల్డెన్ గ్లోబ్ రేస్’ పోటీలో ఉన్న టామీ గారి పడవ ‘తురీయ’ బోల్తా కొట్టింది, తెరచాప స్తంభం విరిగింది, ఆయన వెన్నెముక దెబ్బతింది. కదల్లేరు, నీళ్ళు తాగినా వాంతి. అయినా పడుకున్న చోటి నుంచే చిన్న మెసేజ్‌లు పంపుతూ వచ్చారు. అదే పోటీలో ఉన్న ఐర్లండ్ నావికుడు గ్రెగర్ మెక్‌గకిన్ పడవకీ స్తంభం విరిగింది. అయినా దొరికిన కొయ్యతో చిన్న తెరచాప కట్టుకుని ఈయన వైపే బయల్దేరాడు. మన నేవీ విమానం మారిషస్ నుంచి వెళ్ళి పడవని కనిపెట్టింది. చివరికి ఫ్రెంచి మత్స్యశాఖ ఓడ ‘ఒసిరిస్’ 24న ఇద్దరినీ ఎక్కించుకుంది. అక్టోబర్‌లో ఐఎన్‌ఎస్ సాత్పురా టామీ గారిని మన విశాఖకే తెచ్చింది. ఒంటరి ప్రయాణం అంటాం గానీ, దాని వెనక ఇంతమంది ఉంటారు.

ఆ మనిషే వెన్నులో లోహపు కడ్డీలతో 2022లో అదే పోటీకి మళ్ళీ బయల్దేరి, 236 రోజుల తర్వాత రెండోస్థానంలో ఒడ్డు చేరారు. 16 మంది బయల్దేరితే ఎక్కడా ఆగకుండా పూర్తిచేసింది ముగ్గురే. మొదట వచ్చింది దక్షిణాఫ్రికా అమ్మాయి కిర్‌స్టెన్ నోయిషేఫర్. మధ్యలో దారి మళ్ళి, పడవ మునిగిన తోటి పోటీదారుని లైఫ్‌రాఫ్ట్ నుంచి కాపాడి మరీ గెలిచింది. ఆ పోటీలో దారి కనుక్కోవడమంతా అది మొదటిసారి జరిగిన 1968 నాటి పద్ధతే. సెక్స్‌టెంట్ అనే కోణాలు కొలిచే పరికరంతో సూర్యుణ్ణి చూసి పడవ ఎక్కడుందో లెక్క కట్టాలి, కాగితపు చార్టు మీద గుర్తు పెట్టుకోవాలి. మనిషి నిద్రపోతే గాలి దిశని పట్టి పడవని నడిపేది విండ్‌వేన్ అనే గాలి రెక్క పరికరం ఒక్కటే. అది విరిగినప్పుడు టామీ గారు పడవలోని టాయిలెట్ తలుపు కోసి రెక్క చేసుకున్నారు. ఆయన గురించి నాకు అన్నిటికంటే బాగా గుర్తుండేది ఆ తలుపే.

నిద్ర సంగతి నా అనుభవంతో చెబుతాను. నేను నేవీలో ఉన్న రోజుల్లో ఓసారి ఇద్దరం చిన్న పడవలో విశాఖ నుంచి చెన్నై వెళ్తున్నాం. రెండో రాత్రి నా కాపలా. చుక్కాని కర్ర చంకలో పెట్టుకుని కూర్చున్నాను, కునుకు పట్టేసింది. “ఒరే, తొంగున్నావేటి!” అని కేక వినపడితే కళ్ళు తెరిచాను. మన పక్క జాలర్ల బోటు, అందులో లాంతరు, లాంతరు వెలుగులో వల లాగుతున్న చేతులు. మాట వినపడేంత దగ్గర. నాకు పట్టిన చెమట ఇప్పటికీ గుర్తే. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ఓడలు తిరిగే చోట ఇరవై, ముప్పై నిమిషాలకోసారి లేచి చుట్టూ చూసుకుంటారు. నెలల తరబడి అలా బతకడం నేర్చుకున్నాకే వెళ్ళాలి.

అందుకని వద్దనకండి, అప్పుడే వెళ్ళమనీ అనకండి. ముందు జట్టుతో వెళ్ళమనండి. 2017-18లో ఆరుగురు నేవీ అమ్మాయిలు ‘తారిణి’ అనే తెరచాప పడవ మీద 254 రోజుల్లో భూమి చుట్టి వచ్చారు. వాళ్ళలో పి.స్వాతి విశాఖ అమ్మాయి, బి.ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. వాళ్ళకి ఏళ్ళ శిక్షణ ఉంది.

ఈసారి మీవాడు సెలవుకి వచ్చినప్పుడు అన్నం పెట్టి ఎదురుగా కూర్చోండి. తెరచాప చిరిగితే ఏం చేస్తావురా, నడిసముద్రంలో చుక్కాని ఊడితే ఏం చేస్తావు, పన్ను నొప్పి వస్తే ఏం మింగుతావు అని అడగండి. “చూద్దాంలే అమ్మా” అంటే ఇంకా రెండేళ్ళు ఆగమనండి. చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి చెబుతూనే ఉంటే, ఏం చెబుతున్నాడో వినండి.